మెల్లకన్ను ఆపరేషన్ తరువాత పాపకు వాంతులు రాకుండా ముందే ఏం చేయవచ్చు?

ప్రశ్న: తెనాలి నుంచి ఒక తల్లి

మా పాపకు 6 ఏళ్ళు, బరువు 18 కిలోలు. వచ్చే నెల రెండో వారంలో రెండు కళ్ళకూ మెల్ల సరిచేసే ఆపరేషన్ చేస్తామని డాక్టరుగారు చెప్పారు. పూర్తి మత్తు ఇస్తారట, ఆపరేషన్‌కు సుమారు గంట పడుతుందట, అన్నీ సవ్యంగా ఉంటే సాయంత్రానికి ఇంటికి పంపిస్తారట. మెల్లకన్ను ఉంటే అదృష్టం అంటూ మా ఇంట్లో పెద్దవాళ్ళు రెండేళ్ళు ఆపించారు. ఆ మాట పక్కన పెట్టి ఇప్పుడైనా చేయిస్తున్నందుకు నాకు తృప్తిగానే ఉంది. నన్ను నిద్ర పోనివ్వనిది ఆపరేషన్ కాదు, ఆ తరువాతి రాత్రి.

మూడేళ్ళ క్రితం మా బాబుకు వేరే ఊళ్ళో టాన్సిల్స్, ఎడినాయిడ్స్ ఆపరేషన్ అయింది. అప్పుడు వాడికి 5 ఏళ్ళు. మెలకువ వచ్చిన గంటకే, ఏదో ఒకటి తాగితేనే డిశ్చార్జి చేస్తామని అక్కడివారు పట్టుబట్టడంతో వద్దన్నవాడికి బలవంతంగా అర గ్లాసు పాలు పట్టించాను. దారిలో కారులోనే మొదటి వాంతి అయింది. తెల్లవారేసరికి తొమ్మిది సార్లు అయ్యాయి, చివరికి పసరు తప్ప ఏమీ రాలేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, మత్తు తరువాత పిల్లలకు ఇది మామూలేనని, అదే తగ్గిపోతుందని అన్నారు. పొద్దున్నే మా ఊళ్ళోని పిల్లల డాక్టరుగారి దగ్గర సెలైన్ ఎక్కించాకగానీ వాడు కళ్ళు తెరిచి మాట్లాడలేదు. గొంతులో పచ్చి పుండుతో డోకుతూ నా మెడ పట్టుకుని వాడు ఏడ్చిన ఏడుపు నాకింకా వినిపిస్తూనే ఉంది.

నాకు కూడా నాలుగేళ్ళ క్రితం పిత్తాశయం తీసినప్పుడు ఒక రోజంతా వాంతులయ్యాయి. పాపకైతే బస్సు ఎక్కితేనే కడుపులో తిప్పుతుంది. ఇది నిజంగా మామూలు విషయమేనా, తప్పించుకోలేనిదా, లేక ముందే అడిగి చేయించుకోదగిన ఏర్పాట్లు ఏవైనా ఉన్నాయా? ఉంటే ఎవరిని అడగాలి, ఏమని అడగాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: మత్తు వైద్యురాలు, విశాఖపట్నం

అమ్మా, మీ ప్రశ్నలో మీకు తెలియకుండానే సగం సమాధానం ఉంది. మామూలే అన్న మాట, ఇది చాలామంది పిల్లలకు వస్తుందనే అర్థంలో నిజమే. కానీ దాన్ని ఏమీ చేయలేము అనే అర్థంలో తీసుకోకూడదు. ఏ పిల్లలకు వాంతులు అయ్యే అవకాశం ఎక్కువో ఆపరేషన్‌కు ముందే చాలావరకు అంచనా వేయవచ్చు, వేశాక చాలావరకు అడ్డుకోనూవచ్చు.

2004లో జర్మనీ వైద్యులు పిల్లల కోసం ఒక లెక్క ప్రచురించారు. మేమంతా ఇప్పటికీ దాన్ని వాడుతున్నాము. అందులో చూసేవి నాలుగే: ఆపరేషన్ 30 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ సేపు సాగడం, వయసు 3 ఏళ్ళు లేదా ఆపైన ఉండడం, చేసేది మెల్లకన్ను ఆపరేషన్ కావడం, బిడ్డకుగానీ తల్లిదండ్రులకుగానీ తోబుట్టువులకుగానీ ఇంతకుముందు ఆపరేషన్ తరువాత వాంతులు అయి ఉండడం. ఇవేవీ లేని పిల్లల్లో నూటికి 9 మందికి, ఒకటి ఉంటే 10 మందికి, రెండుంటే 30 మందికి, మూడుంటే 55 మందికి, నాలుగూ ఉంటే 70 మందికి, ముందు జాగ్రత్త మందులు ఇవ్వకపోతే వాంతులు అయ్యాయి. మీ పాపకు నాలుగూ ఉన్నాయి. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఈ అంకె మీ మత్తు డాక్టరుగారి చెవిన పడితే వారు చేసే ఏర్పాటే మారుతుంది కాబట్టి చెబుతున్నాను. బస్సు ప్రయాణంలో కడుపు తిప్పడం ఈ నాలుగింటిలో లేకపోయినా, 2020లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు దాన్ని కూడా లెక్కలోకి తీసుకోమన్నాయి. కనుక అదీ చెప్పండి.

మెల్లకన్నుకూ కడుపుకూ సంబంధం ఏమిటని చాలామంది తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. కనుగుడ్డును కదిపే కండరాలను సరిచేసేటప్పుడు వాటిని లాగవలసి వస్తుంది. ఆ లాగుడు కబురు నరాల ద్వారా మెదడు కాండానికి చేరి, అక్కడి నుంచి గుండెకూ కడుపుకూ వెళ్ళే వేగస్ నరాన్ని రేపుతుంది. అందుకే ఈ ఆపరేషన్‌లో ఉన్నట్టుండి గుండె వేగం తగ్గడమూ, తరువాత వాంతులు కావడమూ రెండూ ఎక్కువ. మీ బాబు విషయంలో దారి వేరు. టాన్సిల్స్ తీసినప్పుడు గొంతులోకి జారిన రక్తం కడుపులో చేరి దాన్ని రెచ్చగొడుతుంది, మింగినప్పుడల్లా గొంతు నరాలు రేగుతాయి, నొప్పికి ఇచ్చే మార్ఫిన్ జాతి మందులు దానికి తోడవుతాయి.

ఇక మేము చేయగలిగినవి. ముఖ్యమైనవి రెండు మందులు, ఒకటి ఒండాన్‌సెట్రాన్, రెండోది డెక్సామెథసోన్. ఇంత ముప్పు ఉన్న పిల్లలకు ఏదో ఒకటి కాకుండా రెండూ కలిపి ఇవ్వాలన్నది నేటి ప్రమాణం, ఎందుకంటే అవి వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి, కలిసి ఇచ్చినప్పుడు ఏ ఒక్కదానికన్నా బాగా కాపాడతాయి. డెక్సామెథసోన్ పనిచేయడానికి సమయం తీసుకుంటుంది గనుక బిడ్డ నిద్రపోగానే ఇచ్చేస్తాము, కిలోకు 0.15 మి.గ్రా. చొప్పున, 5 మి.గ్రా. దాటకుండా. ఒండాన్‌సెట్రాన్ కిలోకు 0.1 మి.గ్రా. వరకు, 4 మి.గ్రా. దాటకుండా. స్టెరాయిడ్ అన్న పేరు వినగానే కొందరు తల్లిదండ్రులు వద్దంటారు. ఒక్క మోతాదు డెక్సామెథసోన్‌తో ఎదుగుదల ఆగిపోవడం వంటివి జరగవు, ఆ భయం పెట్టుకోవద్దు. ఒండాన్‌సెట్రాన్ విషయంలో మాత్రం, పాపకు గుండె లయకు సంబంధించిన జబ్బు ఉన్నా, కుటుంబంలో చిన్న వయసులో ఉన్నట్టుండి పడిపోయినవారు ఉన్నా తప్పకుండా చెప్పాలి.

మూడోది మత్తు ఇచ్చే పద్ధతి. పీల్చే మత్తు వాయువులే వాంతులకు ఒక కారణం. వాటికి బదులు ప్రొపోఫాల్ అనే మందును ఆపరేషన్ పూర్తయ్యే వరకు నరంలోకి ఎక్కిస్తూ నిద్రలో ఉంచితే వాంతులు తగ్గుతాయి. అయితే మెల్లకన్ను ఆపరేషన్‌లో ఈ పద్ధతిలో గుండె వేగం తగ్గడం కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. అందువల్ల దీన్ని వాడాలా వద్దా అన్నది పాపను చూసిన మత్తు డాక్టరుగారే తేల్చాలి. మీరు ఇదే కావాలని పట్టుబట్టవద్దు. కంటి చుట్టూ స్థానికంగా మత్తు మందు వేస్తే లాగుడు ప్రభావమూ నొప్పీ రెండూ తగ్గుతాయి. సెలైన్ కూడా చిన్న విషయం కాదు. మెల్లకన్ను ఆపరేషన్ అయిన పిల్లల్లోనే చేసిన ఒక పరిశీలనలో, కిలోకు 30 మి.లీ. ఎక్కించినవారికి 10 మి.లీ. ఎక్కించినవారికన్నా వాంతులు బాగా తగ్గాయి.

నొప్పి మందు గురించి ప్రత్యేకంగా అడగండి. మార్ఫిన్, ట్రామడాల్ వంటివి వాంతులు తెప్పిస్తాయి. మెల్లకన్ను నొప్పి చాలామంది పిల్లల్లో పారాసిటమాల్, ఐబుప్రొఫెన్‌లను గడియారం చూసి వేళకు ఇస్తే తగ్గేదే. నొప్పి వచ్చాక ఇవ్వడం వేరు, రాకుండా ఇవ్వడం వేరు.

ఎవరిని అడగాలన్నారు. కంటి సర్జన్‌గారిని కాదు, మత్తు డాక్టరును అడగాలి. ఆపరేషన్‌కు ముందు మత్తు పరీక్ష అని ఒకటి ఉంటుంది. హడావుడిలో చాలా చోట్ల అది రెండు నిమిషాల్లో ముగుస్తుంది, మా వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి ఆ లోపం నేను ఒప్పుకోవాలి. ఆ రెండు నిమిషాల్లో మీరు చెప్పవలసిన మాట ఇది: “మా బాబుకు టాన్సిల్స్ ఆపరేషన్ తరువాత తొమ్మిది వాంతులై సెలైన్ పెట్టవలసి వచ్చింది, నాకూ ఆపరేషన్ తరువాత వాంతులయ్యాయి, పాపకు ప్రయాణంలో కడుపు తిప్పుతుంది, ముందు జాగ్రత్తగా ఏ మందులు ఇస్తారు?” ఈ మాట వినీ పట్టించుకోని మత్తు డాక్టరు అరుదు.

జవాబు: లెస్టర్ నుంచి ఒక తండ్రి

మా అబ్బాయికి ఇక్కడ, ఇంగ్లండ్‌లో, 7వ ఏట ఇదే ఆపరేషన్ జరిగింది. నేను వైద్యుణ్ణి కాను గనుక మందుల గురించి మాట్లాడను. నన్ను ఆశ్చర్యపరిచిన ఒక్క విషయం చెబుతాను.

గుంటూరులో నా చిన్నతనంలో ఆపరేషన్ అంటే ముందు రాత్రి భోజనం తరువాత పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదన్నది మా ఇంట్లో వేదవాక్కు. ఇక్కడ మాకు పంపిన కాగితంలో, ఘనాహారం 6 గంటల ముందు ఆపాలనీ, మంచినీళ్ళను మాత్రం ఆపరేషన్‌కు 1 గంట ముందు వరకు తాగనివ్వమనీ రాశారు. పొద్దున వార్డులో నర్సు స్వయంగా గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇస్తుంటే నేనే ఆపబోయాను. ఆమె ఓపికగా కూర్చుని, మంచినీళ్ళు పిల్లల కడుపులో ఎంతోసేపు నిలవవనీ, పిల్లవాణ్ణి అనవసరంగా ఎండగడితే దాహంతో, చిరాకుతో, ఏడుపుతో థియేటర్‌కు వెళతాడనీ వివరించింది.

మావాడికి ఆ సాయంత్రం ఒక్క వాంతి అయింది, అంతే. నీళ్ళు తాగడం వల్లే అలా జరిగిందని నేను అనడం లేదు, వాడికి మందులు కూడా ఇచ్చారు. కానీ మత్తు డాక్టరును కలిసినప్పుడు, మంచినీళ్ళు ఎన్ని గంటల వరకు ఇవ్వవచ్చు అని విడిగా అడగండి. రాత్రి పది తరువాత ఏమీ పెట్టవద్దన్న మాటతో వచ్చి, పాప వంతు మధ్యాహ్నం పన్నెండుకు వస్తే, ఆ చిన్న ప్రాణం పద్నాలుగు గంటలు ఎండినట్టే కదా.

జవాబు: రికవరీ వార్డు నర్సు, హనుమకొండ

లెస్టర్ అన్నగారు చెప్పిన విషయానికి ఒక చిన్న జాగ్రత్త జోడిస్తాను. మన దగ్గర చాలా ఆసుపత్రులు మంచినీళ్ళకు 2 గంటల నియమం పాటిస్తాయి, కొన్ని 1 గంటకు వస్తున్నాయి. మీ ఆసుపత్రి ఏది చెబితే అదే పాటించండి. ఇక మంచినీళ్ళంటే మంచినీళ్ళే. పాలు, మజ్జిగ, హార్లిక్స్, రాగిజావ నీళ్ళ లెక్కలోకి రావు, వాటికి ఘనాహారం నియమమే వర్తిస్తుంది. ఏడుస్తోంది కదా అని బామ్మగారు చాటుగా ఒక బిస్కెట్టు పెట్టిన పిల్లలను ఆపరేషన్ బల్ల దాకా తీసుకువెళ్ళి వెనక్కి పంపిన రోజులు నాకు గుర్తున్నాయి. బిడ్డకు పెట్టిన మాట మాకు చెప్పకపోతే ప్రాణం మీదికి వస్తుంది, చెబితే ఎవరూ కోప్పడరు.

నేను చెప్పదలచుకున్నది మెలకువ వచ్చిన తరువాతి సంగతి. మీ బాబుకు బలవంతంగా పాలు పట్టించారని చదివి నాకు బాధ కలిగింది, ఎందుకంటే ఆ పాత అలవాటు ఇంకా పోలేదు. 1992లో అమెరికాలో, పగటిపూట ఆపరేషన్ చేసి అదే రోజు పంపే పిల్లల్లో దీన్ని పరీక్షించి చూశారు. ఇంటికి పంపేముందు తప్పనిసరిగా తాగించిన పిల్లల్లో నూటికి 23 మంది, అడిగితేనే ఇచ్చిన పిల్లల్లో 14 మంది వాంతి చేసుకున్నారు. లోపలికి కావలసిన నీరు సెలైన్‌లో వెళ్ళిపోయినప్పుడు నోటి ద్వారా తాగించి తీరాలన్న తొందర అక్కరలేదు. పాప తనంతట తాను అడిగేవరకు ఆగండి. అడిగినప్పుడు ఒక చెంచా నీళ్ళతో మొదలుపెట్టండి, నిలిస్తే పావుగంట ఆగి మరో రెండు చెంచాలు ఇవ్వండి. పాలు, నెయ్యి వేసిన అన్నం, చాక్లెట్లు ఆ రోజుకు వద్దు. తరువాత పలుచని గంజి, ఇడ్లీ ముక్క సరిపోతాయి.

పిల్లలు వికారాన్ని మాటల్లో చెప్పలేరు. కడుపు నొప్పి అంటారు, లేదా ఏమీ అనకుండా మొహం తెల్లబడి, నోట్లో నీళ్ళూరి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ముడుచుకుంటారు. ఎమీ బాక్స్టర్ అనే అమెరికా వైద్యురాలు తన సహచరులతో కలిసి 2011లో ఇందుకోసమే ఆరు బొమ్మ ముఖాల కొలమానం ప్రచురించారు. మామూలు ముఖం నుంచి వాంతి చేసుకుంటున్న ముఖం వరకు ఉంటాయి, బిడ్డ తన స్థితికి తగిన ముఖాన్ని వేలితో చూపిస్తే చాలు. అది మా వార్డులో లేదు. నేను చేత్తో గీసి అట్టకు అంటించుకున్నాను, ఆరేళ్ళ పిల్లలు చక్కగా చూపిస్తారు. మీరు కూడా ఇంట్లో గీసి పాపకు ముందే ఆటలా నేర్పించండి. వాంతి అయ్యాక పరుగెత్తడం కన్నా వికారం దశలోనే మాకు చెబితే మందు ఇవ్వడానికి వ్యవధి దొరుకుతుంది.

పాప పూర్తిగా తేరుకునే వరకు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి వస్తే వెల్లకిలా మాత్రం ఉంచవద్దు. లేపి నడిపించడం, ఎత్తుకుని వార్డంతా తిప్పడం, అందరూ వరుసగా వచ్చి కళ్ళు చూపించమనడం మానితే మంచిది. మణికట్టు లోపలివైపు, ముడత నుంచి మోచేతివైపు పాప మూడు వేళ్ళ వెడల్పు దూరంలో, తాళ్ళలా చేతికి తగిలే రెండు స్నాయువుల మధ్య ఒక చోటు ఉంటుంది, అక్కడ మెల్లగా నొక్కడం వల్ల కొంత ఉపశమనం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి. మందుకు బదులు కాదుగానీ, తల్లి చేతికి పని దొరకడం కూడా ఆ వేళ చిన్న విషయం కాదు.

మళ్ళీ తెనాలి తల్లి

మీ ముగ్గురికీ నమస్కారాలు. డాక్టరుగారూ, మీరు చెప్పింది చదివాక బీరువాలోంచి బాబు పాత డిశ్చార్జి కాగితం తీసి చూశాను. ట్రామడాల్ ఇంజెక్షన్ రెండు సార్లు ఇచ్చినట్టు ఉంది. ఒండాన్‌సెట్రాన్ ఒక్కసారి ఉంది. డెక్సామెథసోన్ పేరు ఎక్కడా లేదు. ఇన్నాళ్ళూ పాలు పట్టించిన నా చేతులదే తప్పు అనుకుంటూ ఉన్నాను.

ఇంకొక సందేహం. మా ఇంట్లో ఎమెసెట్ సిరప్ ఎప్పుడూ ఉంటుంది, ప్రయాణాలకు వాడతాము. ఇంటికి వచ్చాక పాపకు వాంతి అయితే వెంటనే అది వేయవచ్చా? ఇంటికి గంట ప్రయాణం ఉంది, ఆ రాత్రికి ఆసుపత్రిలోనే ఉండమంటారా? ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు ఓర్చుకోవాలో కూడా చెప్పగలరు.

మళ్ళీ మత్తు వైద్యురాలు, విశాఖపట్నం

మొదట ఆ చేతుల సంగతి. ఆసుపత్రివారు చెప్పినదాన్ని మీరు చేశారు. ఆ రాత్రి వాంతులకు టాన్సిల్స్ ఆపరేషన్, మింగిన రక్తం, ట్రామడాల్, కుటుంబ లక్షణం, అన్నీ కలిశాయి. అర గ్లాసు పాలు వాటిలో ఒకటి మాత్రమే. ట్రామడాల్ విషయంలో ఒక మాట చెప్పాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో దాన్ని 12 ఏళ్ళ లోపు పిల్లలకు వాడకూడదనీ, టాన్సిల్స్ ఆపరేషన్ తరువాతనైతే 18 ఏళ్ళ లోపు ఎవరికీ ఇవ్వకూడదనీ హెచ్చరించింది. దానికి కారణం వాంతులు కాదు, కొందరు పిల్లల్లో శ్వాస ప్రమాదకరంగా మందగించడం. ఆ పాత కాగితాన్ని జెరాక్స్ తీయించి మత్తు పరీక్షకు తీసుకువెళ్ళండి. నోటి మాట కన్నా అది గట్టి సాక్ష్యం.

ఎమెసెట్ అంటే ఒండాన్‌సెట్రానే. థియేటర్‌లో అది ఇచ్చి ఉంటే, 6 గంటల లోపు వాంతి అయితే అదే మందు మళ్ళీ ఇవ్వడం వల్ల లాభం ఉండదు. మూసి ఉన్న తలుపునే మళ్ళీ మూసినట్టు అవుతుంది, అప్పుడు వేరే జాతి మందు కావాలి. దాన్ని ఆసుపత్రిలో మాత్రమే ఇవ్వాలి. వాంతులకని మందుల షాపులో ఇచ్చే మెటాక్లోప్రమైడ్ చిన్నపిల్లల్లో మెడ, నాలుక, కళ్ళు మెలితిరిగిపోయేలా చేయగలదు, కనుక దాన్ని సొంతంగా ఎప్పుడూ వాడవద్దు. డిశ్చార్జి వేళ మూడు విషయాలు రాయించుకోండి: ఒండాన్‌సెట్రాన్ ఎన్ని గంటలకు ఇచ్చారు, ఇంట్లో మళ్ళీ ఎప్పటి తరువాత, ఎంత ఇవ్వవచ్చు, రాత్రి ఎవరి నంబరుకు ఫోన్ చేయాలి.

రాత్రి ఉండాలా అంటే, నేనైతే ఆ ప్రాంగణం దాటే ముందు ఇంకో రెండు మూడు గంటలు ఆగి చూస్తాను. ఆలోపు రెండోసారి వాంతి అయినా, పాప నీరసంగా ఉన్నా ఆ రాత్రికి ఉంచమని అడగండి. ఇలాంటి పిల్లలను ఒక రాత్రి ఉంచడం అతి జాగ్రత్త కాదు. కారులో బయలుదేరితే పాపను నిద్రపుచ్చి, కారును మెల్లగా నడిపించుకుంటూ వెళ్ళండి.

ఒకటి రెండు వాంతులై, మధ్యలో పాప మామూలుగా పలుకుతూ, కాసిన్ని నీళ్ళు నిలుపుకుంటుంటే ఓర్చుకోవచ్చు. ఇంటికి వచ్చాక మూడోసారి అయినా, వాంతిలో పచ్చని పసరు గానీ రక్తం గానీ కనిపించినా, 8 గంటలుగా మూత్రం పోయకపోయినా, నోరు ఎండి కళ్ళు లోతుకు పోయినా, లేపితే సరిగా లేవకపోయినా తెల్లవారే దాకా ఆగకుండా ఫోన్ చేసి బయలుదేరండి. కంటి నొప్పి మందులకు తగ్గకుండా పెరుగుతూ వాంతులు కూడా అవుతుంటే ఆ మాట కంటి సర్జన్‌గారికి విడిగా చెప్పాలి. మత్తు పరీక్ష ఏ రోజో ఇంకా చెప్పకపోతే, ఆపరేషన్ ఉదయానికి వదిలేయకుండా కనీసం రెండు రోజుల ముందే పెట్టించమని రేపే ఫోన్ చేయండి.